ఎర్ర గచ్చు కింద నీళ్ల చప్పుడు

మా పక్కింటి ఓవర్సీరు బాబాయి గారు పోయారు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి, వాళ్ల వీధరుగు మీద పడుకుని, ఆ నిద్రలోనే వెళ్లిపోయారు. ఆ కబురు అందరికంటే ముందు తెలిసింది నాకే. ఎవరో వచ్చి చెప్పలేదు. మా సింకు నీళ్లు చెప్పాయి.

వినడానికి వింతగా ఉంటుంది గానీ జరిగింది అదే. మాది అమలాపురంలో చిన్న కర్రీ పాయింటు. మధ్యాహ్నం బేరం అయ్యాక గిన్నెలన్నీ తోమి మోటారు స్విచ్చి వేస్తాను. మా గది రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది కాబట్టి సింకు నీళ్లు వాటంతట అవి బయటికి పోవు. ఒక తొట్టిలో చేరతాయి, మోటారు వాటిని పైకి లేపుతుంది. అక్కణ్ణించి గొట్టం బాబాయి గారి అరుగు కిందుగా సాగి, వాళ్లింటి అవతల సందులో ఉన్న పెద్ద డ్రైనులో కలుస్తుంది. ఆ నీళ్లు వెళ్లే వేళకి ఆయన సరిగ్గా ఆ గొట్టం పక్కనే చాప వేసుకుని పడుకుని ఉండేవారు. కళ్లు తెరవకుండానే, గోడ ఇవతలికి వినబడేలా, "వెళ్తున్నాయమ్మాయ్!" అనేవారు. నేను ఇవతల్నించి "ఆయ్!" అనేదాన్ని, మా గోదారి వైపు అవునండి, అలాగేనండి అన్నమాట. రోజూ మా ఇద్దరికీ అదొక హాజరు.

ఆ రోజు స్విచ్చి వేశాను. నీళ్లు వెళ్లాయి. మాట రాలేదు.

నిద్ర పట్టేసిందేమోలే అని ఊరుకోవచ్చు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు మోటారు తిప్పకూడదని ఆయన నాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. తిప్పితే ఆ వట్టి గురగుర విని, ఎంత నిద్రలో ఉన్నా లేచి కేకలేస్తారు. అందుకని కావాలనే మళ్లీ స్విచ్చి వేశాను. మోటారు ఉత్తినే గురగురలాడింది. కేక రాలేదు. చేతులకి అంటిన సబ్బు కూడా కడుక్కోకుండా పరిగెత్తాను.

కొబ్బరాకు నీడ ఆయన మొహం మీద మెల్లగా అటూ ఇటూ కదులుతోంది. ఎడమ చెయ్యి చాప దాటి ఎర్ర గచ్చు మీదికి చాచి ఉంది, అరచెయ్యి బోర్లా. ముట్టుకుంటే గచ్చూ చెయ్యీ ఒకేలా చల్లగా ఉన్నాయి. లోపల్నించి పిన్నిగారు, ఆయన భార్య, "ఏంటమ్మా, మోటారు రెండోసారి ఎందుకేసేవు? ఆయన అరుస్తారు కదా" అంటూ వచ్చారు. ఆవిడ మొహం చూశాను, ఆవిడ నా చేతుల మీద సబ్బు చూశారు. అంతే, ఆవిడ గడప మీద కూలబడిపోయారు.

మాకూ వాళ్లకీ చుట్టరికం ఏమీ లేదు. గోడే చుట్టరికం. బాబాయి గారు మునిసిపాలిటీలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా, కూర్చోండి అంటే వెంటనే కూర్చునేవారు కాదు. మంచినీళ్లు అడిగి, సగం తాగి, మిగతాది గుమ్మం దగ్గర నేల మీద వంచి, అవి ఎటు పోతున్నాయో చూసి అప్పుడు కూర్చునేవారు. నేలకి వాటం ఉందా లేదా అని. వాటం అంటే ఏమీ లేదు, నీళ్లు జారిపోయే ఏటవాలు. పెళ్లివారింట్లో కూడా ఇదే పని. పిన్నిగారు తల కొట్టుకునేవారు. "ఈయన్ని ఎక్కడికి తీసుకెళ్లినా ఆ ఇల్లు తడిపి వస్తారమ్మా, చంటి పిల్లాడి కంటే కష్టం" అనేవారు. ఆయన నవ్వేవారు కాదు. నేల తడి ఆరేదాకా దాన్నే చూస్తూ ఉండేవారు, అందులో ఏదో బొమ్మ ఆడుతున్నట్టు.

నా కథ కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన నాకేం చేశారో మీకు తెలియదు. మా ఆయన పోయాక నేను కువైట్‌లో ఇళ్లల్లో వంటకి వెళ్లాను. మా అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. సెలవు మీద వచ్చినప్పుడల్లా, మొదటి రోజుల్లో ఆ పిల్ల నన్ను "మీరు" అనేది. పక్కింటావిడని అన్నట్టు. అలవాటు పడి "నువ్వు" అనేసరికి నా విమానం వేళయ్యేది. ఇలా ఉండగా మా అమ్మ పోయింది. సెలవు పెట్టి వచ్చాను. జూన్ నెలాఖరుకి తిరుగు టిక్కెట్టు. నేను మళ్లీ వెళితే పిల్లని హాస్టల్లో పెట్టాలి. వెళ్లకుండా ఉండాలంటే ఇక్కడ చేతిలో పని ఉండాలి. నాకు వచ్చిందల్లా వంట. వీధి వైపు గదిలో కర్రీ పాయింటు పెట్టుకుంటే ఇద్దరం ఒక గడపలో బతుకుతాం. దానికి మునిసిపాలిటీ పర్మిషన్ కావాలి, పర్మిషన్ రావాలంటే గిన్నెలు తోమే సింకూ, దాని నీళ్లకి రూలు ప్రకారం దారీ ఉండాలి. నా పిల్ల నా పక్కన పడుకోవడమా, హాస్టల్లో పడుకోవడమా అన్నది ఆఖరికి ఒక సింకు గొట్టం దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ గది ఉందే, మా నాన్న కట్టించినప్పుడు వీధిలోంచి మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం. తర్వాత రోడ్డు వేసినప్పుడల్లా పాత దాని మీదే కొత్తది పోశారు. చూస్తూ ఉండగానే మెట్లు రోడ్డులో కలిసిపోయాయి. ఆపైన గడప కలిసిపోయింది. ఇప్పుడు వీధిలోంచి మెట్లు దిగి గదిలోకి వెళ్లాలి. మా ఇల్లు ఎక్కడికీ కదల్లేదు, వీధే లేచి నిలబడింది. మా అమ్మాయి ఆ గదికి బేస్‌మెంటు అని పేరు పెట్టింది. పార వేస్తే నీళ్లు పడే కోనసీమలో బేస్‌మెంటేమిటే అని నవ్వాను గానీ, పేరు బాగానే అతికింది. అందులో కూర్చుంటే కిటికీలోంచి మనుషుల కాళ్లూ సైకిలు చక్రాలూ కనబడతాయి. మధ్యాహ్నపు ఎండ ఆ చక్రాల పుల్లల మధ్యనుంచి లోపలికి వచ్చి గోడ మీద తిరుగుతుంది. ఆ వేళప్పుడు ఆ గదిలో ఉంటే నీళ్ల అడుగున కూర్చుని పైలోకాన్ని చూస్తున్నట్టు ఉంటుంది.

సింకు పెట్టాలని చెబితే బాబాయి గారు వచ్చి, అలవాటు ప్రకారం, ఆ గది నేల మీద గ్లాసుడు నీళ్లు వంచారు. అవి ఎటూ పోలేదు. పోసినచోటే గుండ్రంగా నిలబడిపోయాయి.

"చూసేవా, ఎటెళ్లాలో తెలీక నిలబడిపోయేయి పాపం" అన్నారు.

"నా సంగతీ అలాగే ఉందండీ" అన్నాను.

ఆయన తలెత్తి నావైపు చూసి మళ్లీ నీళ్ల వైపు చూశారు.

ప్లంబరు మేస్త్రి మాత్రం చిటికెలో తేల్చేశాడు. "రోడ్డు డ్రైను పైనుందండి, మీ గది కిందుందండి. నీళ్లెలా ఎక్కుతాయండి? పెరట్లో అరటి చెట్ల పక్కన గొయ్యి తవ్వేసి వదిలేద్దారండి. గొయ్యి తాగేత్తాది, గెల మీకొత్తాది" అన్నాడు. మా వైపు అందరం చేసే పనే ఇది. గిన్నెలు కడిగిన నీళ్లు అరటికో కొబ్బరికో పోవడం మాకు డ్రైనేజీ కాదు, చెట్టుకి పెట్టే మర్యాద. సరేనన్నాను. గొయ్యి తవ్వాడు. బిందెల కొద్దీ పోశాం. గుటగుటా తాగేసి ఇంకా ఉందా అన్నట్టు చూసింది. మేస్త్రీ నేనూ మా అమ్మాయీ ముగ్గురం సంబరపడిపోయాం.

గొయ్యి బాబాయి గారి నూతికి దగ్గర. పక్కింటివాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెడితే గానీ ఆఫీసులో కాగితం కదలదు. సంతకానికి వెళితే ఆయన కాగితం ముట్టుకోకుండా లేచి వచ్చి గోతి దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడు కాలవల్లో నీళ్లున్నాయా అమ్మాయ్?"

"లేవండి. కట్టేశారు కదండీ."

"మరి?"

"మరేంటండీ?"

"కాలవ వదిలేక మాట్లాడదాం" అని గుమ్మం వైపు నడిచారు.

ఎండాకాలం మాకు కాలువలు కట్టేస్తారు. అప్పుడు భూమిలో నీళ్లు దిగిపోతాయి, ఎక్కడ గొయ్యి తవ్వినా ఎంత పోసినా తాగుతుంది. కాలువలు వదిలాక భూమి మళ్లీ నిండుతుంది. ఇది మాకు తెలియని సంగతా? ఊయల్లో పిల్లకి కూడా తెలుసు. అయినా గోతులన్నీ ఎండాకాలమే తవ్వుతాం, తవ్వడం అప్పుడే తేలిక కాబట్టి. పోసి చూసుకుని అప్పుడే మురిసిపోతాం. మా తాతలూ ఇలాగే మురిశారు.

నేను వెనకాలే వెళ్లాను. "బాబాయి గారూ, నా టిక్కెట్టు నెలాఖరుకండీ. కాలవ వదిలేదాకా కూర్చుంటే నాకేం మిగుల్తుందండీ?"

"గొయ్యి పొంగి, ఆ జిడ్డు నీళ్లు నా నూతిలోకొచ్చి, నీ గదిలోకొచ్చి, ఆఫీసోళ్లు తాళమేసేక నువ్వు విమానమెక్కితే అప్పుడేం మిగుల్తుందమ్మా?"

"వీధిలో ఎవరికీ లేని రూలు నాకొక్కదానికేనా అండీ? మీరు ఆ మాత్రం మొహమాటానికైనా..."

"మొహమాటం మనకుంది. నీళ్లకి లేదమ్మాయ్" అన్నారు, కోపం లేకుండా.

కోపమంతా నాకే వచ్చింది. ఆ రోజుల్లో ఆయన్ని తిట్టని తిట్టు లేదు. గోడకి వినబడేలా తిట్టాను. ముసలాయనకి పొద్దుపోక నా నోట్లో మట్టి కొడుతున్నాడన్నాను. పెన్షన్ తింటూ కూర్చున్న మనిషికి నా బతుకేం తెలుసన్నాను. ఆయన అవతల్నించి చిన్నగా దగ్గేవారు, వింటున్నానని. సాయంత్రం ఏమీ జరగనట్టు మళ్లీ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, గోతిలోకి తొంగి చూసి వెళ్లేవారు. తిట్టే నోటితోనే కాఫీ కలిపి ఇచ్చేదాన్ని. తాగేవారు. ఏం మనుషులం, చెప్పండి!

కాలువ వదిలిన రోజు మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలే మారుతుంది. ఎండిన బురద తడిసిన వాసన ఒకటి సందుల్లోకి వస్తుంది. ఎక్కడో కొంగలు అరుస్తాయి. వంతెన మీద పనున్నవాళ్లూ లేనివాళ్లూ ఆగి కిందికి చూస్తూ నిలబడతారు. నేను మాత్రం పెరట్లో గోతిని చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు పొడిగానే ఉంది. మర్నాడూ పొడిగానే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూశారా అని ఆయన మొహం మీదే అనేద్దామని మాటలు కూడా కూడబెట్టుకున్నాను.

తర్వాత ఒక పొద్దున్న పెరట్లోకి వెళితే గోతి అడుగున ఆకాశం ఉంది.

నేను చెంబెడు నీళ్లు పొయ్యలేదు. ఎవరూ పొయ్యలేదు. అడుగునుంచి, చప్పుడు చెయ్యకుండా, వాటికవే వచ్చి కూర్చున్నాయి. తేటగా ఉన్నాయి. అరటాకు ఒకటి వాటిలో తలకిందులుగా ఊగుతోంది, దాని వెనక ఒక తెల్లమబ్బు మెల్లగా వెళ్తోంది. ఎంత అందంగా ఉందో! అంత అందమైనదాన్ని చూస్తూ అంతలా ఏడవడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఆ నీళ్లలో నాకు హాస్టలు గుమ్మం ముందు పెట్టె పట్టుకుని నిలబడ్డ నా పిల్ల కనబడింది.

బాబాయి గారు వచ్చి పక్కన నిలబడ్డారు. నేను చెప్పానా అనలేదు. ఎదురుచూస్తున్న చుట్టాలు దిగినట్టు, "వచ్చేసేయి" అన్నారు, నెమ్మదిగా. ఎండ పైకి వచ్చి గోతిలోని వెలుగు ఆయన గడ్డం కింద ఆడింది.

చివరికి ఆయనే అన్నారు. "నీళ్లని కిందికి పంపలేం, పైకెత్తాలి. తొట్టిలో పట్టి, రోడ్డు కంటే పైకెత్తి, అక్కణ్ణించి వాటంగా సందులో పెద్ద డ్రైనుకి వదలాలి. రోడ్డు డ్రైను వానొస్తేనే పొంగుతుంది, పనికిరాదు. మధ్యలో నా అరుగుంది."

"గోడకి బయటనుంచి గొట్టం వేలాడదీద్దామండీ."

"బయటంటే రోడ్డు మీదికొస్తుంది. రూలొప్పుకోదు. అరుగు కిందనుంచే పోవాలి."

"అరుగు పగలగొట్టాలి కదండీ!"

"ఆయ్" అన్నారు.

ఆ ఒక్క 'ఆయ్' ఎంత పెద్దదో నాకు తెలుసు, మా వీధికంతటికీ తెలుసు. పిన్నిగారు కాపురానికి వచ్చిన ఏడు వేయించిన ఎర్ర గచ్చు అది. అప్పటినుంచీ ఆవిడ కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది, వంగితే మొహం కనబడేంత నునుపు చేశారు. పిల్లల్లేని ఇల్లు. ఆ గచ్చు మీద ఏ పిల్లా సుద్దముక్కతో గీతలు గీయలేదు, బొంగరం గుచ్చలేదు. చిన్న బీట కూడా లేదు. ఆవిడ దాన్ని బిడ్డలా చూసుకున్నారంటే మాటవరసకి అంటున్నది కాదు. సంగతి వినగానే, "గునపం నా మీద దింపుకోండి, దాని మీద దింపనివ్వను" అన్నారు. ఆయన బతిమాలలేదు. "అమ్మాయి మళ్లీ కువైట్ వెళ్తే పనసపొట్టు కూర గోడమీంచి ఎవరందిస్తారే మనకి?" అన్నారు. పిన్నిగారు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

పొద్దున్న మేస్త్రి గునపంతో వచ్చేసరికి, ఆ ఎర్ర గచ్చు మీద ఈ చివర్నించి ఆ చివరికి తెల్లటి ముగ్గు గీత ఉంది. పిన్నిగారే వేశారు. ముగ్గులో ఆరితేరిన చెయ్యి, దారం పట్టినట్టు తిన్నగా పడింది. "పగలగొడితే ఈ గీత మీదే పగలగొట్టాలి. అటు ఒక వేలు, ఇటు ఒక వేలు జరిగిందంటే మాత్రం నేనూరుకోను" అన్నారు మేస్త్రితో. మొదటి దెబ్బకి ఆవిడ చెవులు మూసుకున్నారు. నేను ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆయన గచ్చు పెంకులు ఒక్కొక్కటీ ఏరి గోడవార పేర్చారు, మళ్లీ అతుకుతాయేమో అన్నట్టు.

ఆ తర్వాత పనంతా రూలు ప్రకారమే. తొట్టిలోకి అడుగునుంచి ఊట రాకుండా చూడటం, వాసన లేవకుండా బిగుతుగా మూత, ఎత్తిన నీళ్లు వెనక్కి దిగకుండా వాల్వు, గాలి కోసం డాబా పైకి ఒక సన్న గొట్టం, కూరల జిడ్డు ఆగడానికి వేరే చిన్న తొట్టి. మేస్త్రి ఎక్కడ తేలిగ్గా తేల్చేద్దామని చూసినా ఆయన అక్కడ కుర్చీ వేసుకునేవారు. సింకు కింద గొట్టం వంపు తిప్పాలంటే మేస్త్రి విసుక్కున్నాడు. "తిన్నగా దింపేత్తే నీళ్లు సుబ్బరంగా పోతాయి కదండి, ఈ వంకర దేనికండి?"

"అన్నీ పోకూడదయ్యా" అన్నారు బాబాయి గారు. "కాసిని ఉండిపోవాలి. ఆ వంపులో నిలబడ్డ నీళ్లే కింద కంపుని పైకి రానివ్వవు." తర్వాత నావైపు తిరిగి, "ఎప్పుడైనా ఊరెళ్తే గుర్తుంచుకో. వాడకపోతే అవి ఆరిపోతాయి. వారానికోసారి ఎవరిచేతైనా చెంబెడు నీళ్లు పోయించు" అన్నారు. నేను ఊరెళ్లడమేమిటండీ, ఊరెళ్లకుండా ఉండడానికే కదా ఇదంతా అన్నాను. ఆయన పెదవి చివర కొంచెం నవ్వు వచ్చింది. ఆ మనిషి మొహంలో నవ్వు చూడటం అంటే మా వీధిలో విశేషమే.

ఆఫీసు నుంచి చూడటానికి వచ్చినాయన తొట్టి మూత లాగి చూశాడు, వంగి వంపు చూశాడు, బక్కెట్టెడు నీళ్లు పోసి మోటారు వేయించి సందులోకి వెళ్లి డ్రైనులో పడటం చూశాడు. బాబాయి గారు తన అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు తిరగేసి ఉందని మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. వచ్చినాయన "బాగుందమ్మా, వచ్చి కాగితం తీసుకోండి" అని వెళ్లిపోయాడు. నేను లోపలికి వెళ్లి కువైట్ మేడంకి ఫోను చేసి ఇంక రానని చెప్పాను. ఫోను పెట్టేసి తిరిగితే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు ఉండిపోతున్నావా?" అంది.

నువ్వు అంది. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

అరుగు మీద గొట్టం మేర మళ్లీ గచ్చు వేశారు గానీ రంగు కలవలేదు. పాత గచ్చు పండిన ఎరుపు, కొత్తది ఇటుక రంగు. పిన్నిగారు ఎంత రుద్దినా ఆ చార ఆ చారే. ఆయన మాత్రం "చీరకి అంచొచ్చింది, ఊరుకోవే" అన్నారు. ఆ రోజునుంచి చాప ఆ చార పక్కకి మారింది. మొదటి రోజు మధ్యాహ్నం నేను భయంభయంగా మోటారు వేశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గోడ అవతల్నించి, నిద్రలోంచి వచ్చినట్టు, "వెళ్తున్నాయమ్మాయ్!"

అలా మొదలైంది అది. ఏళ్లు నడిచింది. పడుకుని చార మీద అరచెయ్యి పెడితే నీళ్లు వెళ్తున్నది తెలిసేదట. ఎంతసేపు వెళ్లాయో దాన్ని బట్టి నా బేరం చెప్పేవారు. "ఇవాళ గిన్నెలు బాగా పడ్డాయి" అనేవారు. ఒకరోజు కొంచెమే వెళితే సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అని అడిగారు. నిజంగానే నాకు జ్వరం. కన్నతండ్రికైనా అంత తొందరగా తెలిసేది కాదు. వానాకాలం వచ్చి వీధిలో నీళ్లు నిలబడ్డప్పుడల్లా ఆయన పంచె పైకి కట్టుకుని వచ్చి మా మెట్ల మీద నిలబడి, నీళ్లు వెనక్కి తన్నుతున్నాయేమోనని సింకు వైపు చూసేవారు. సింకు మాట్లాడకుండా ఉండేది. ఆయనా మాట్లాడకుండా వెళ్లిపోయేవారు.

ఇక ఆ మాట, "కాలవ వదిలేక మాట్లాడదాం" అన్నది మా ఇంట్లో స్థిరపడిపోయింది. మా అమ్మాయి కొత్త ఫోను అడిగితే నేనదే అంటాను. ఎవరైనా సంబంధం తెచ్చి, కుర్రాడు బంగారం అంటే, మా అమ్మాయే నా కంటే ముందు అనేస్తుంది, కాలవ వదిలాక మాట్లాడదాం అని. ఎండలో అందరూ బాగానే ఉంటారు, నీరు నిండాక చూడాలి మనిషిని. ఆయన్ని నేను రెండు కాలాల్లోనూ చూశాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక పిన్నిగారు నా దగ్గర కూర్చుని ఒక మాట చెప్పారు. "రిటైరయ్యేక ఆయనకి నిద్రుండేది కాదమ్మా. పగలూ లేదు, రాత్రీ లేదు. ఊళ్లో ఏ డ్రైను పూడిపోయిందో అని లేచి కూర్చునేవారు. మీ నీళ్లు కిందనుంచి వెళ్లడం మొదలయ్యేకే ఆ కాసేపైనా పట్టేది. మోటారేసే వేళకి చాపేసుకుని ఎదురు చూసేవారు. నేను నవ్వేదాన్ని, జోలపాట కోసమా అని." ఆయన పోయాక నేను అప్పటిదాకా ఏడవలేదు. అది విన్నాక నన్నెవరూ ఆపలేకపోయారు. ఇన్నాళ్లూ ఆయన నాకు దారి ఇచ్చారనే అనుకున్నాను. నా ఎంగిలి గిన్నెల నీళ్లు ఆ మహానుభావుడికి నిద్ర ఇచ్చాయని నాకేం తెలుసు!

పిన్నిగారిని వాళ్ల చెల్లెలు కొన్నాళ్లు ఉంచుకుంటానని రాయవరం తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ తాళం చెవి నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "వారానికోసారి సింకుల్లో చెంబెడు నీళ్లు పొయ్యమ్మా. ఆరిపోతే ఆయనకి నచ్చదు" అన్నారు.

నిన్న మొదటిసారి వెళ్లాను. మధ్యాహ్నం. ఇల్లంతా మూసి ఉంది, కిటికీ చెక్కల సందుల్లోంచి ఎండ గీతలుగా నేల మీద పడి ఉంది. వంటింటి సింకులో చెంబెడు పోశాను. గొట్టంలో గుటక వేసినట్టు చప్పుడైంది, తర్వాత ఊరుకుంది. పెరట్లో చేతులు కడుక్కునే తొట్టిలో ఇంకో చెంబెడు. చెంబులో కాసిని నీళ్లు మిగిలాయి. ఏమనిపించిందో, గుమ్మం దగ్గర నేల మీద వంచాను. అవి కాసేపు ఆలోచించి, వాకిలి వైపు మెల్లగా నడిచాయి. మంచి వాటం.

తాళం వేసి అరుగు మీద కూర్చున్నాను. గోడ అవతల మా అమ్మాయి గిన్నెలు సర్దుతోంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, సెలవు రోజుల్లో నాతోపాటే నిలబడి వండుతుంది. "అమ్మా, మోటారు వెయ్యనా?" అని కేకేసింది. వెయ్యమన్నాను. ఆ చార మీద, ఆయన చెయ్యి ఉన్నచోట, నా అరచెయ్యి బోర్లా పెట్టాను. ఇన్నేళ్లలో ఆ నీళ్లని నేను ఎప్పుడూ ఇటువైపు నుంచి వినలేదు.

ముందు ఏమీ లేదు. తర్వాత గచ్చు అడుగున చిన్న వణుకు. తర్వాత దూరంనుంచి ఎవరో పట్టుచీర కట్టుకుని నడిచి వస్తున్నట్టు ఒక చప్పుడు చేతి కిందికి వచ్చి, వేళ్ల మధ్యనుంచి సాగి, సందు వైపు వెళ్లిపోతోంది. పొద్దుటినుంచీ నేను కడిగిన గిన్నెలు, పప్పు కడిగిన నీళ్లు, మా ఇద్దరి కంచాలు, అన్నీ. కొబ్బరాకు నీడ ఒళ్లో ఊగుతోంది. నా కళ్లు మూతపడ్డాయి.

గోడ అవతల మా అమ్మాయి ఎదురుచూస్తోందని నాకు తెలుసు. తనకీ ఆ మాట వినడం అలవాటే. ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా అన్నాను.

"వెళ్తున్నాయమ్మాయ్!"

నా చేతి కింద నీళ్లు ఇంకా వెళ్తూనే ఉన్నాయి. ఆ తర్వాత గోడ అవతల్నించి వచ్చింది.

"ఆయ్!"